శుభ్రం మట్టి

ముందు తన కళ్ళనే అనుమానించింది బురద డాక్టరు. తర్వాత కిటికీలోంచి పడుతున్న ఎండను అనుమానించింది. సీసాను గొట్టపు దీపం కిందికి తీసుకెళ్ళి, వెనక తెల్ల కాగితం ఆనించి మళ్ళీ చూసింది. నీలం లేదు. నిన్న ఇంటికెళ్ళేటప్పుడు సిరా పోసినట్టున్న నీళ్ళు ఈ పొద్దున బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి. సీసాకి అంటించిన చీటీ మీద తన చేతిరాతే ఉంది, 'శుభ్రం' అని.

ఆమె మనుషులకు మందిచ్చే డాక్టరు కాదు. సముద్రం అడుగున బురదలో బతికే, కంటికి కనిపించని జీవుల మీద పెద్ద చదువు చదివింది కాబట్టి డాక్టరు అయింది. ఎప్పుడు చూసినా గోళ్ళలో నల్లమట్టి ఉంటుంది కాబట్టి వాళ్ళక్క దాని ముందు 'బురద' తగిలించింది. ఇంట్లో పుట్టిన పేరు తీరమంతా పాకింది. ప్రయోగశాల కాపలా మనిషి కూడా ఎవరైనా వెతుక్కుంటూ వస్తే "బురద డాక్టరుగారా, లోపలున్నారు" అంటాడు. ఆమెకు కోపం రాదు. నిజమే కదా అనుకుంటుంది.

ఆ సీసాల సంగతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. సముద్రపు నీళ్ళు, చెంచాడు బురద, ఒక చుక్క ముడి నూనె, కాస్త నీలం రంగు. బురదలో నూనె తినే జీవులు గుంపుగా ఉంటే, అవి తింటున్నకొద్దీ రంగు విరిగిపోతుంది. అలాంటి జీవులు ఏ సముద్రంలోనైనా పిడికెడు ఉంటాయి. కానీ రోజూ వడ్డించేవాడు ఉన్నచోటే బంతి నిండుతుంది. అంటే రంగు ఎంత త్వరగా పోతే ఆ చోట నూనె అంత అలవాటుగా పడుతోందన్నమాట. రేవువాళ్ళ నూనె గొట్టం పగిలిన చోటి మట్టి రెండో రోజుకే తెల్లబడింది. అది తెల్లబడాల్సిందే. తూర్పు మేట అనే బురద దిబ్బ నుంచి తెచ్చిన శుభ్రం మట్టి మాత్రం పక్షం రోజులైనా నీలంగా ఉండాలి. అది కూడా గొట్టం మట్టితో పాటే తెల్లబడి కూర్చుంది.

పెద్దసారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని సీసాను ముక్కు దగ్గరగా పెట్టుకున్నాడు. ప్రయోగశాల మొదలుపెట్టినవాడూ, డాక్టరుకు పాఠం చెప్పినవాడూ ఆయనే.

"చీటీలు మార్చేశావమ్మా," అన్నాడు.

"మార్చలేదు సార్. ఒకటి పూర్తిగా అంటించాకే ఇంకోటి తీశాను."

"అయితే చెంచా కడగలేదు. గొట్టం మట్టి ఇందులో పడింది."

"చెంచాలు వేరువేరు సార్."

"మరైతే సముద్రానికి మతి పోయిందనుకోవాలా?" అని నవ్వాడు. డాక్టరుకు నవ్వు రాలేదు. ఆయన నవ్వు కూడా సగంలోనే ఆగింది. ఎన్నో ఏళ్ళుగా ఏ చోటి మట్టి ఎంత పాడైందో చెప్పాలన్నా తూర్పు మేట మట్టితోనే పోల్చేవారు. ఆ మట్టికి మాత్రం ఇంతవరకు ఎవరూ నూనె వేసి చూడలేదు. ఈసారి కూడా డాక్టరు అవసరమనుకుని వేయలేదు. రేవువాళ్ళకు ఇవ్వాల్సిన తుది నివేదికలో ఒక గడి ఖాళీగా ఉంటే అసహ్యంగా ఉంటుందని, నిండుగా కనిపించడానికి వేసింది. ఆ నివేదిక తేల్చాల్సింది ఒక్కటే. గొట్టం దగ్గరి మట్టి మళ్ళీ శుభ్రం మట్టితో సమానమైందా లేదా? సమానమైందంటే రేవువాళ్ళు చేతులు దులుపుకోవచ్చు.

ఇప్పుడు రెండు సీసాలూ సమానంగానే ఉన్నాయి. రెండూ ఒకేలా తెల్లగా.

"మళ్ళీ పెడదాం," అన్నాడు పెద్దసారు. "మట్టి నువ్వే స్వయంగా తీసుకురా. ఇంకెవరి చేతుల్లోనూ పెట్టకు."

తూర్పు మేట మీదికి ఆమె వెళ్ళేసరికి ఆటు బాగా తీసింది. మోకాలి లోతు నీళ్ళలో ఆడవాళ్ళు వరసగా వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. గుల్లలు ఏరడం కళ్ళతో చేసే పని కాదు, కాళ్ళతో చేసే పని. మడమతో బురదను కదిపి, వేళ్ళతో తడిమి, గట్టిగా ఏదైనా తగిలితే వంగి అందుకోవాలి. రాయో గుల్లో వేలికే తెలియాలి. వాళ్ళందరికీ ముందుండి నడిపించేది డాక్టరు వాళ్ళక్క. మాటలాగదు, కాలూ ఆగదు.

"ఇదిగో వచ్చింది బురద డాక్టరు," అంది అక్క దూరం నుంచే. "ఎవరి కాళ్ళ కింద బురదకైనా జ్వరమొస్తే చూపించుకోండి."

ఆడవాళ్ళు నవ్వారు. వాళ్ళల్లో అందరికంటే వయసు మీరిన పెద్దమ్మ నడుం పట్టుకుని లేచి, "నా మోకాలు కూడా కాస్త చూడమను," అంది.

"మోకాలికి మందు లేదంటుంది పెద్దమ్మా. అది బురదలో కూరుకుపోతే అప్పుడు చూస్తుంది."

డాక్టరు కూడా నవ్వింది. నవ్వుతూనే వాళ్ళ కాళ్ళ వైపు చూసింది. పిక్కల దాకా నల్లటి బురద ఉంది. గొట్టం పగిలి పాత మేట మూతపడినప్పుడు, "మరి మేమెక్కడికి పోవాలే?" అని అక్క అడిగితే, "తూర్పు మేటకు వెళ్ళండక్కా, మా శుభ్రం మట్టి అక్కడిదే" అని భరోసా ఇచ్చింది తనే. ఆ ఒక్క మాట మీద ఇన్ని గడపలు పడవెక్కి ఇటు వచ్చాయి.

ఆమె ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువుగా బురదలోకి దించి, పైకొసకు బొటనవేలు నొక్కి పట్టుకుని పైకి లాగింది. పైన పలచటి గోధుమరంగు పొర, దాని కింద బూడిదరంగు, ఆ కింద కాటుకలాంటి నలుపు. నల్లటి ముద్దను బకెట్లోని శుభ్రమైన నీళ్ళలో వేసి వేళ్ళతో చిదిమింది. నీళ్ళ మీద ఒక సన్నటి పొర కదిలి, అంచుల దాకా పాకి, నెమలి మెడలా రంగులు తిరిగింది.

ఎన్ని వందలసార్లు ఈ మేట మట్టిని సీసాల్లో పట్టుకెళ్ళిందో! ఒక్కసారైనా ఇలా చిదిమి చూడలేదు.

"ఏమిటే ఆ రంగులు?" అక్క భుజం మీంచి తొంగి చూసింది.

"పడవ ఇంజను డీజిలు అయ్యుంటుందిలే," అంది డాక్టరు. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది.

"మీ బావకి చెప్పి చెప్పి నోరు పడిపోయింది. ఆ ఇంజను తాగేదానికంటే కక్కేదే ఎక్కువ." అక్క బుట్టలోంచి దోసెళ్ళతో గుల్లలు తీసి సంచిలో పోసింది. "ఇవాళ్టివి. ఇసుక కక్కనిచ్చి వండుకో. చిక్కిపోయావు."

ఇంటికొచ్చి డాక్టరు ఆ గుల్లలను ఉప్పునీళ్ళ బేసిన్లో పోసింది. కాసేపటికి అవి ఒక్కొక్కటే నోళ్ళు తెరిచి, సన్నటి ధారలుగా నీళ్ళు చిమ్మడం మొదలుపెట్టాయి. గుల్లకు వేరే పనేముంది? నీళ్ళు లోపలికి పీల్చడం, అందులో ఉన్నదంతా తన ఒంట్లో దాచుకుని, నీళ్ళు మాత్రం వదిలేయడం. సముద్రం ఏది పెడితే అదే దాని ఒళ్ళు. డాక్టరు పొయ్యి వెలిగించింది, ఆర్పింది. చివరికి గుల్లలను సంచిలో పోసి, ముడి మీద ముడి వేసి, చెత్తబుట్టలో వేసింది.

సరిగ్గా ఆ వేళకు అక్క ఇంట్లోనూ అవే గుల్లలు ఉడుకుతూ ఉంటాయి. ఫోను చేతిలోకి తీసుకుంది. ఏమని చెప్పాలి? ఒక్క సీసా, ఒక్క బకెట్ చూసి ఊరంతా కంగారు పెట్టకూడదు కదా, రుజువు కానీ అనుకుంది. చదువు మనిషికి ఏం నేర్పుతుందో ఏమోగానీ, సాకులు మాత్రం బాగా నేర్పుతుంది. ఫోను మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

రెండోసారి పెట్టిన సీసాలు కూడా అదే మాట చెప్పాయి. ఈసారి డాక్టరు ఒక్కటి కాదు, మేట మీద వేరువేరు చోట్ల తీసిన మట్టితో వరసగా పెట్టింది. ఒకదాని తర్వాత ఒకటి, పంతం పట్టినట్టు, అన్నీ తెల్లబడ్డాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే నూనె చుక్క చుట్టూ జీవులు జాతరకొచ్చిన జనంలా మూగి ఉన్నాయి. వాటిని చూస్తే కోపం రాలేదు. పాపం, పడేసింది తిని చోటు శుభ్రం చేస్తున్నది అవే. ఎవరు పడేస్తున్నారన్నదే ప్రశ్న.

పెద్దసారు సీసాలను ఒక్కొక్కటే ఎత్తి చూసి కింద పెట్టాడు.

"ఆ మేటను ఎంచింది నేనే," అన్నాడు. "అప్పుడు నీళ్ళు అద్దంలా ఉండేవి. అడుగున నా కాలి వేళ్ళు కనిపించేవి."

"నూనె పరీక్ష చేశారా సార్ అప్పుడు?"

"శుభ్రంగా ఉన్నదాన్ని ఎవరు పరీక్షిస్తారమ్మా?"

సీసా చూసినప్పటికంటే ఆ మాట విన్నప్పుడు ఆమెకు ఎక్కువ దిగ్భ్రమ కలిగింది. ఎంత పెద్ద ప్రయోగశాల, ఎన్ని యంత్రాలు, ఎన్ని నివేదికలు! అన్నీ ఒక మనిషి తన కాలి వేళ్ళు చూసుకుని ముచ్చటపడిన ఒక పూట మీద నిలబడి ఉన్నాయి. అందరూ తక్కెడలో సరుకు తూచారుగానీ, తక్కెడ రాయిని తూచినవాడు లేడు. తనూ తూచలేదు.

"ఉన్నదున్నట్టు రాయి," అన్నాడాయన. "సమానమైంది అని కాదు. మనం శుభ్రం అనుకున్నదే శుభ్రం కాదు అని రాయి. చెప్పాల్సిన చోట నేనే చెబుతాను."

డాక్టరు పోట్లాటకు సిద్ధపడి వచ్చింది. పాతికేళ్ళ పేరును ఆయన ఒక్క మాటతో బల్ల మీద పెట్టేశాడు. ఆమె కళ్ళు చెమర్చాయి. నిజం చెబితే న్యాయం దానంతటదే జరుగుతుందని ఆ పూట ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది.

రేవు కార్యాలయంలో సమావేశపు గది చల్లగా, అద్దాలతో మెరిసిపోతూ ఉంది. గుల్లలు ఏరేవాళ్ళ తరఫున అక్కను కూడా పిలిచారు. కుర్చీ అంచున కూర్చుని, చెల్లెలు కనిపించగానే కనుబొమలెగరేసింది, ఇంత చలిలో ఎలా పని చేస్తారే వీళ్ళు అన్నట్టు. దారిలోనైనా చెప్పి ఉండాల్సింది అనుకుంది డాక్టరు. ఇంతలో పెద్దసారు మొదలుపెట్టేశాడు.

ఆయన ఏదీ దాచలేదు. తన పొరపాటు దగ్గర్నుంచి మొదలుపెట్టి, తూర్పు మేట అడుగున చాలా కాలంగా నూనె చేరుతోందని తేల్చి చెప్పాడు. అక్క తల మెల్లగా చెల్లెలి వైపు తిరిగింది. డాక్టరు ఆ చూపును అందుకోలేక బల్ల వైపు చూస్తూ ఉండిపోయింది.

రేవు అధికారి గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాడని ఆమె అనుకుంది. ఆయన తడుముకోలేదు. నింపాదిగా మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు.

"చాలా సంతోషం సార్. మాకు కావాల్సింది కూడా ఇదే," అన్నాడు. "నూనె తినే జీవులు మా గొట్టం దగ్గర ఉన్నాయి. గొట్టానికి అంత దూరంలో ఉన్న మేటలోనూ ఉన్నాయి. అంటే ఈ నూనె మా గొట్టం పగలకముందు నుంచే సముద్రంలో ఉందన్నమాట. అడుగు నుంచి ఊరే నూనె ఊటలు కూడా ఉంటాయట కదా."

"ఇక్కడ ఊట ఉందనడానికి ఆధారం లేదండీ," అంది డాక్టరు.

"లేదనడానికి ఉందా?"

"శుభ్రమైన చోటి మట్టితో పోల్చి చూస్తే తెలుస్తుంది. తీరమంతా ఊట ఉండదు కదా."

"మంచిది. అలాంటి చోటు ఒక్కటి చూపించండి." గొంతులో వెటకారం కూడా లేదు. "దానితో పోల్చి, మా వల్ల ఇంత పాడైందని రాసివ్వండి. తల వంచుతాం. అప్పటిదాకా మా గొట్టాన్ని తప్పుపట్టడానికి మీకు కొలబద్దే లేదు. ఇక తూర్పు మేట అంటారా, మీరే ప్రమాదం అంటున్నారు కాబట్టి రేపటి నుంచి మూసేస్తాం. ప్రజల ఆరోగ్యం ముఖ్యం."

అక్క లేచి నిలబడింది. "మరి పగిలిన గొట్టం బాబూ? అది మూస్తున్నారా?"

"దానికి అతుకు వేశాంగా అమ్మా. పని నడుస్తోంది."

అంతే. గొట్టం నడుస్తుంది, మేట మూతపడుతుంది. పెద్దసారు కళ్ళజోడు తీసి నివేదిక మీద పెట్టాడు. నిజం చెప్పారు. ఒక్క అక్షరం దాచకుండా చెప్పారు. అది వచ్చి తగలాల్సిన వాళ్ళకు తగలకుండా, తిరిగి తిరిగి అక్క మీద పడింది.

మెట్లు దిగుతూ ఉంటే అక్క అడిగింది. "మొన్న నేనిచ్చిన గుల్లలు ఏం చేశావే?"

డాక్టరు కాగితాల కట్టను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"వండలేదు కదూ."

"వండలేదక్కా."

"మేం వండుకున్నాం." అక్క గొంతు పెంచలేదు. పెంచితే బాగుండు అనిపించింది డాక్టరుకు. "పెద్దమ్మ తన మనవరాలికి మెత్తగా చేసి అన్నంలో కలిపి పెట్టింది. నిన్న కూడా పెట్టింది."

"ఖాయంగా తేలాక చెబుదామని..."

"కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందట. ఆ మందు వేసేవాళ్ళయినా నోరు తెరవమని చెప్పి వేస్తారే." అక్క చివరి మెట్టు దిగి, వెనక్కి చూడకుండా ఎండలోకి నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు తూర్పు మేట ఒడ్డున బోర్డు పాతారు. 'ఇక్కడ గుల్లలు ఏరరాదు' అని పెద్ద అక్షరాల్లోనూ, 'ప్రయోగశాల నిర్ధారణ మేరకు' అని దాని కింద చిన్న అక్షరాల్లోనూ రాశారు. కాపలాదారుణ్ణి కూడా పెట్టారు. గొట్టం దగ్గర ఏనాడూ కాపలా పెట్టనివాళ్ళు బురదకు పెట్టారు.

అక్క ఫోను ఎత్తలేదు. ఆ రోజంతా ఎత్తలేదు. మరుసటి పొద్దున డాక్టరు తలుపు తీసేసరికి గుమ్మంలో నిలబడి ఉంది. వెనకాల వీధిలో బావ తెడ్డు భుజాన వేసుకుని ఉన్నాడు.

"పద," అంది అక్క. "వాడు అడిగాడుగా శుభ్రమైన చోటు. మాకూ అదే కావాలి. వెతుకుదాం."

డాక్టరు ఏదో చెప్పబోయింది.

"తర్వాత ఏడుద్దువుగాని. ఆటు దాటిపోతుంది, పద."

ముందు దీపస్తంభం అవతలి ఒంపుకు వెళ్ళారు. అక్కణ్ణుంచి పాత ఏటి మొగ దగ్గరికి. చివరికి, మామూలుగా ఏ పడవా దరిచేరని రాతిదిబ్బ వెనక్కి. ప్రతిచోటా చాలా ముందే బావ ఇంజను ఆపేసి తెడ్డు వేశాడు. తన పడవ చుక్క కూడా ఆ మట్టిలో కలవకూడదని డాక్టరు చెప్పింది మరి. చొక్కా వీపుకి అంటుకుపోయేలా చెమటలు కక్కుతూ, "మరదలా, నా పెళ్ళిచూపులకు కూడా ఇంత తిరగలేదు నేను," అన్నాడు.

"తిరిగి ఉంటే బాగుపడేవాడివి," అంది అక్క. డాక్టరు వైపు మాత్రం చూడలేదు. అయినా పడవలో ఆ మాట వినిపించాక ఊపిరి కాస్త తేలికైంది.

రాతిదిబ్బ వెనక అక్క నడుం లోతు నీళ్ళలోకి దిగింది. వెనక్కి నాలుగడుగులు వేసి టక్కున ఆగింది. మొహం మారిపోయింది. వంగి చెయ్యి ముంచి, అరచేతిలో ఇమడనంత గుల్లను పైకి తీసింది. "అబ్బ, ఎంత బరువుందో చూడు!" మళ్ళీ వంగింది, మళ్ళీ తీసింది. కాళ్ళ కింద అంతా అవేనంది. డాక్టరు ప్లాస్టిక్ గొట్టం దించి మట్టి తీసి, ముద్దను బకెట్లో చిదిమింది. ముగ్గురూ బకెట్ మీదికి వంగారు. నీళ్ళ మీద రంగుల్లేవు. ఎంతసేపు చూసినా లేవు.

"ఇక్కడేనే," అంది అక్క మెల్లగా. గుల్లలను తిరిగి నీళ్ళలో వదిలేసింది. "తేలనీ. ఈసారి నువ్వు చెప్పేదాకా ఒక్కటి కూడా ముట్టుకోం."

ఆ మాట డాక్టరుకు తిట్టులా తగిలింది, వరంలా కూడా తగిలింది. ఆ సాయంత్రమే సీసాలు పెట్టింది. ఈసారి చీటీల మీద చోటు పేర్లు రాయలేదు, అంకెలే వేసింది. 'శుభ్రం' అని ముందే రాసి పెట్టుకుంటే కన్ను కూడా శుభ్రమనే చూస్తుందని ఆమెకు బాగా తెలిసొచ్చింది. ఏ అంకె ఏ చోటిదో తనకూ పెద్దసారుకూ మాత్రమే తెలుసు.

సీసాలు చూసే రోజు వాన పడి, డాక్టరు రావడం ఆలస్యమైంది. గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చేసరికి గదిలో అక్క ఉంది. కాపలా మనిషి తెలిసినదే కదా అని లోపలికి పంపినట్టున్నాడు. కిటికీ దగ్గర నిలబడి, ఒక సీసాను రెండు చేతులతో వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఉంది. చెల్లెలి అడుగుల చప్పుడికి తిరిగింది. ఇన్ని రోజుల తర్వాత ఆ మొహంలో నవ్వు చూసింది డాక్టరు.

"చిన్నీ, దొరికిందే," అంది అక్క. ఆ ముద్దుపేరుతో పిలిచి ఎన్నాళ్ళయిందో. "చూడు, నీలం నీలంగానే ఉంది. చుక్క కూడా తగ్గలేదు. రాతిదిబ్బదే కదూ? నాకు తెలుసు. కాలు పెట్టగానే తెలిసింది నాకు."

చెల్లెలి భుజం చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి లాక్కుంది. అక్క చీరకు వాన వాసన, ఉప్పు వాసన. "ఆ రోజు చాలా మాటలన్నాను. మనసులో పెట్టుకోకు. పెద్దమ్మకు ఫోను చేసి చెప్పేశాను. రేపు ఆటుకు అందరూ పడవ దగ్గరికి వచ్చేస్తారు. ఆ అధికారికి కూడా పట్టుకెళ్ళి చూపిద్దాం. వాడికి కొలబద్ద కావాలన్నాడుగా!"

డాక్టరు ఆమె భుజం మీంచి బల్ల వైపు చూసింది. మిగతా సీసాలన్నీ వరసగా ఉన్నాయి. దీపస్తంభం ఒంపుది తెల్లగా ఉంది. ఏటి మొగది తెల్లగా ఉంది. రాతిదిబ్బ అంకె వేసిన సీసా కోసం వెతికింది. ఉండాల్సిన చోటే ఉంది. అదీ తెల్లగానే ఉంది. పైన నూనె చుక్క ఉండాల్సిన చోట సన్నటి తెట్టు మాత్రం మిగిలింది.

పడవలు పోని చోటు. కంటికి ఒక్క రంగు కూడా కనిపించని నీళ్ళు. అక్కడ కూడా ఎవరో ఎప్పటినుంచో వడ్డిస్తూనే ఉన్నారు. దూరాన ఓడలు తమ కడుపులు కడుక్కుని ఆ నూనె నీళ్ళు వదిలి పోతుంటాయని వినడమే తప్ప, అది ఇంత దూరం, ఇంత లోతుకు వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. అక్క చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది.

"మాట్లాడవేమే?" అంది అక్క.

"అది రాతిదిబ్బది కాదక్కా."

"పోనీ, మరెక్కడిది? ఏటి మొగదా? అదైనా నయమే, దగ్గర."

"అది ఏ చోటిదీ కాదు." డాక్టరు సీసా మీది అంకె చూపించింది. "అది ఉడకబెట్టిన మట్టి. ప్రతిసారీ ఒక సీసాలో చచ్చిన మట్టి పెడతాం. ఆవిరి కుక్కర్లో పెట్టి, అందులో ఏ జీవీ మిగలకుండా చంపి పెడతాం. మిగతా సీసాల్లో రంగు పోయింది జీవుల వల్లేనా, దానంతటదే పోయిందా అని తెలుసుకోవడానికి. అందులో ప్రాణం లేదు కాబట్టి నీలం అలా నిలిచింది."

అక్కకు వెంటనే అర్థం కాలేదు. సీసా వైపు చూసింది, బల్ల మీద వరస వైపు చూసింది, చెల్లెలి మొహంలోకి చూసింది. అప్పుడు అర్థమైంది. నవ్వు ఒక్కసారిగా పోలేదు. పెదాల మీద కాసేపు అలాగే ఉండిపోయింది, తీయడం మరిచిపోయినట్టు.

"మిగతావన్నీ?"

"అన్నీ పోయాయక్కా."

"రాతిదిబ్బ కూడానా?"

డాక్టరు తలూపింది.

"మరి ఈ చచ్చిన మట్టి... ఇది ఎక్కడ తీసిందే?"

"మన తూర్పు మేటదే," అంది డాక్టరు. ఏడుపు ఆగలేదు.

అక్క ఏడవలేదు. సీసాను ఒలకకుండా రెండు చేతులతో తీసుకెళ్ళి బల్ల మీద దాని చోటులో పెట్టింది. స్టూలు లాక్కుని కూర్చుంది. కొంగుతో చేతులు తుడుచుకుని ఫోను తీసింది. అవతల పెద్దమ్మ ఒక్క మోతకే ఎత్తింది. గది నిశ్శబ్దంగా ఉండడంతో ఆమె మాటలు డాక్టరుకూ వినిపిస్తూనే ఉన్నాయి. అందరికీ కబురు పెట్టేశానని, బుట్టలు కడిగి ఆరబెట్టామని, మనవరాలు కూడా పడవెక్కుతానని గొడవ చేస్తోందని పెద్దమ్మ గబగబా చెప్పుకుపోతోంది.

"పెద్దమ్మా," అంది అక్క. "రేపు రావద్దని చెప్పు అందరికీ."

"అయ్యో, ఏమైందే? సరేలే, వాన కదా. ఎల్లుండి వెళదాం. ఎక్కడికి రమ్మంటావు?"

అక్క ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, చెల్లెలి వైపు చూస్తూ ఉండిపోయింది. అవతల పెద్దమ్మ "వినపడుతోందా? ఎక్కడికి రమ్మంటావే?" అని మళ్ళీ అడిగింది.